ఊపిరిలోని సాక్ష్యము

గాలి మంచిదో చెడ్డదో తెలిసికొనవలెనన్నచో పద్దెనిమిదవ శతాబ్దపు రసాయనజ్ఞులు ఆ గాలిని గాజుకుండలో నింపి, అందులో కొవ్వొత్తి వెలుగునో లేదో చూచెడివారు. అదియు చాలకున్న ఒక చిట్టెలుకను లోన విడిచి, అది యెంతసేపు ప్రాణముతో నుండునో లెక్కించెడివారు. ఇంగ్లండులోని లీడ్స్ నగరమున మతాచార్యుడై యుండి, ధర్మబోధకు పోగా మిగిలిన కాలములో కొంత వాయుపరీక్షలకు వెచ్చించుచుండిన జోసెఫ్ ప్రీస్ట్లీ సైతము మొదట ఈ పద్ధతినే అవలంబించెను. కాని 1772లో ఆయన ప్రకటించిన వ్యాసమున మరియొక మార్గము కానవచ్చినది. లోహమును నత్రికామ్లమున కరగించునపుడు వెలువడు రంగులేని వాయువును ఒక పాలు తీసికొని, నీటిపై బోర్లించిన గొట్టములోని రెండు పాళ్ల మామూలు గాలితో కలిపిన తోడనే గొట్టమంతయు ఎర్రని పొగతో నిండును. ఆ పొగ మెల్లమెల్లగా నీటిలో కలిసిపోగా లోపలి వాయురాశి తరిగి, నీరు గొట్టములోనికి ఎగబ్రాకును. నీరు ఎంత ఎత్తునకు వచ్చిన గాలి అంత శ్రేష్ఠమైనదన్నమాట. ఈ పరీక్ష దొరకిన పిదప మూగజీవులను చంపవలసిన పని తప్పినదని ఆయన మిక్కిలి సంతసించెను.

ఆ రంగులేని వాయువే నేడు మనము నైట్రిక్ ఆక్సైడు అని పిలుచునది. వెలుపలి గాలి మంచిచెడ్డలను చెప్పిన ఆ వాయువే, రెండు వందల యేండ్లు దాటిన తరువాత, ఉబ్బసముతో బాధపడు పిల్లల శ్వాసనాళములలో జరుగుచున్న దానిని చెప్పు సాక్షిగా వైద్యశాలలో మరల ప్రవేశించినది. ఈ సాక్షి వచ్చువరకు పిల్లల మాట నమ్మినవారు తక్కువ. వచ్చిన తరువాత దాని మాటను అవసరమునకు మించి నమ్మినవారును లేకపోలేదు.

ఉబ్బసము ప్రాచీనమైన వ్యాధి. చరకసంహిత చికిత్సాస్థానమున పదునేడవ అధ్యాయము శ్వాసరోగములను అయిదుగా విభజించి, అందు తమకశ్వాసమును వర్ణించు తీరు చూచిన, వ్రాసినవాడు రోగి ప్రక్కన ఎన్ని రాత్రులు కూర్చుండెనో యని తోచును: మబ్బు పట్టిన దినములలోను, చలిలోను, తూరుపు గాలికిని అది విజృంభించును, పండుకొనిన హెచ్చును, కూర్చుండిన కొంత శాంతించును, రోగికి వెచ్చని వస్తువులయందే ప్రీతి కలుగును. పశ్చిమ దేశములలో ఈ వ్యాధిని గూర్చి ప్రత్యేక గ్రంథములు వ్రాసినవారిలో పెక్కుమంది తామే ఉబ్బస రోగులు. 1698లో గ్రంథము ప్రకటించిన సర్ జాన్ ఫ్లాయరును, 1860లో ప్రకటించిన హెన్రీ హైడ్ సాల్టరును ఆ కోవకు చెందినవారే. సాల్టరు దీనిని ప్రధానముగా నాడీసంబంధమైన వ్యాధిగా భావించెను. శ్వాసనాళముల చుట్టునున్న కండరములు బిగిసికొనుటయే రోగమనియు, ఆ బిగింపునకు మూలము నరములలో నున్నదనియు ఆయన తలంచెను. కండరములు బిగిసికొనుట నిజమే. అయితే లోపలి పొర వాచి, ఎర్రబారి, జిగురు స్రవించుట, అనగా శోథ, ఆ బిగింపునకు వెనుక నున్నదను సంగతిని సూక్ష్మదర్శిని క్రింద కఫమును పరిశీలించినవారు పసిగట్టుచునే యుండిరి. పారిస్‌లో షార్కో 1853లోను, జర్మనీలో లైడెన్ 1872లోను వర్ణించిన సూదిమొన స్ఫటికములు, 1879లో పాల్ ఎర్లిక్ ఇయోసిన్ రంగుతో గుర్తించి ఇయోసినోఫిల్ అని పేరు పెట్టిన కణములు, 1882లో కుర్ష్‌మన్ చూపిన మెలికల దారములు, ఇవన్నియు ఉబ్బస రోగుల కఫములో దొరకిన ఆనవాళ్లే. 1892లో విలియం ఆస్లర్ తన వైద్యగ్రంథమున సన్నని శ్వాసనాళికల శోథను ప్రస్తావించెను కూడ. అయినను వైద్యలోకము ఆ త్రోవను చాలకాలము పట్టలేదు.

పట్టకపోవుటవలన కలిగిన నష్టము పిల్లలదే. ఇరువదవ శతాబ్ది నడిమి దశకములలో ఉబ్బసము మనస్సునుండి పుట్టు వ్యాధులలో నొకటిగా ప్రసిద్ధికెక్కినది. పిల్లి కూతలవంటి ఆ ఊపిరి చప్పుడు తల్లికై పసివాడు అణచుకొనిన ఏడుపు అని వ్యాఖ్యానించిన మనస్తత్త్వ శాస్త్రజ్ఞులుండిరి. అమెరికాలో మర్రే పెష్కిన్ అను వైద్యుడు, ఎంతకును నయము కాని పిల్లలను తలిదండ్రులనుండి దీర్ఘకాలము వేరుచేయుటయే చికిత్సయని ప్రతిపాదించెను. కొలరాడో రాష్ట్రమున డెన్వరు నగరములోని ఉబ్బస బాలుర నిలయమునకు దూర దూరపు ఊళ్లనుండి పిల్లలను పంపించెడివారు. అచ్చటి పిల్లలలో కొందరు తేరుకొనిన మాట వాస్తవము. ఇంటి దుమ్ము, పరుపులలోని సూక్ష్మకీటకములు, పెంపుడు పిల్లుల నూగు వెనుక విడిచి, ఎత్తైన పొడిగాలి ప్రదేశమునకు చేరిన పిల్లవానికి ఊపిరి తేలికపడుటకు తల్లి దూరమగుట కారణము కానక్కరలేదని నేడు మనము చెప్పగలము. ఆనాడు చెప్పుటకు సాధనము లేకపోయెను. తన బిడ్డ రొమ్ము ఎగదోపుచుండగా రాత్రియంతయు ఒడిలో కూర్చుండబెట్టుకొని తెల్లవార్చిన తల్లికి, ఆ వ్యాధి నీ ప్రేమవలననే వచ్చినదని చెప్పుట ఎంతటి కఠినమైన మాటయో! వైద్యచరిత్రలో నన్ను ఇంతగా కలచు ఘట్టములు తక్కువ.

శోథను కన్నులార చూచుటకు పెద్దలలో మార్గములు క్రమముగా ఏర్పడినవి. 1897లో జర్మనీదేశపు గుస్తావ్ కిలియన్ గట్టి లోహపు గొట్టమును శ్వాసనాళములోనికి దింపి, అందు చిక్కుకొనిన ఎముక ముక్కను వెలికితీసెను. 1960లలో జపాను వైద్యుడు షిగెటో ఇకెడా వంగెడు గాజునూలు గొట్టమును రూపొందించెను. దాని సాయమున లోపలి పొరనుండి చిన్న తునకలు గిల్లి తీసి పరీక్షించినపుడు, స్వల్పమైన ఉబ్బసములో సైతము శోథ యున్నదని 1980లలో రూఢియైనది. గొట్టము దింప వీలుకానివారికి గాఢమైన ఉప్పునీటి ఆవిరి పట్టించి కఫము తీయు పద్ధతియు తరువాత వచ్చినది. కాని ఆరేండ్ల పిల్లకు మత్తిచ్చి గొట్టము దింపి నెలనెలకు తునకలు తీయుదుమని ఏ వైద్యుడు అనగలడు? ఉప్పునీటి ఆవిరికి పిల్లలు ఉక్కిరిబిక్కిరి యగుదురు, కఫమును ఉమ్మివేయుట చేతకాక మింగివేయుదురు. ఇంతలో 1972 ప్రాంతమున పీల్చుకొను స్టెరాయిడు మందు వాడుకలోనికి వచ్చినది. శోథను అణచుటకు అంతకు మించిన ఔషధము లేదు. కాని ఎదుగుచున్న పిల్లకు ఎంత ఇయ్యవలెను, ఎంతకాలము ఇయ్యవలెను, ఇచ్చిన ఎదుగుదల కుంటుపడునేమో యను భయము తలిదండ్రులను పట్టుకొనినది. మృగశిర కార్తెనాడు హైదరాబాదులో చేపమందుకై బిడ్డలను భుజములపై నెత్తుకొని బారులు తీరు జనమును చూచినవారికి ఆ భయము ఎంత లోతైనదో వేరుగ చెప్పనక్కరలేదు. లోపలి మంట చల్లారినదో లేదో పిల్లకు నొప్పి కలుగకుండ తెలిసికొనుట యెట్లు?

జవాబు మరియొక దిక్కునుండి వచ్చినది. 1980లలో శాస్త్రజ్ఞులు రక్తనాళములను సడలించు ఒక అజ్ఞాత పదార్థమును వెదకుచుండిరి. రాబర్ట్ ఫర్చ్‌గాట్ దాని ఉనికిని 1980లో చూపెను. అది నైట్రిక్ ఆక్సైడే యని ఆ దశకము ముగియక మునుపే తేలినది. మోటారు బండ్ల పొగలో నుండు విషవాయువును మన శరీరమే తయారుచేయునని విన్నవారు ఆశ్చర్యపోయిరి. 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మ్యురాడ్‌లకు నోబెల్ బహుమానము లభించినది. శరీరములో పుట్టు వాయువు ఊపిరిలో రాకుండునా యను ప్రశ్న సహజముగా ఉదయించినది. 1991లో స్వీడను దేశస్థుడు లార్స్ గుస్తాఫ్సన్, లండన్‌లోని సాల్వడోర్ మొంకాడా మొదలగువారితో కలిసి, కుందేళ్లు, గినీపందులు, మనుష్యులు విడుచు ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడు కలదని ప్రకటించెను. కొలుచుటకు వాడిన పద్ధతి సరళమైనది: ఆ వాయువును ఓజోనుతో కలిపినపుడు క్షణకాలము మిణుకుమని వెలుగు పుట్టును, ఆ వెలుగును లెక్కించిన వాయువు ఎంతయో తెలియును. మోటారుబండ్ల పొగను పరీక్షించుటకు వాడుకలో నున్న యంత్రములే పసిపిల్లల ఊపిరికిని దారి చూపినవి.

1993లో స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా సంస్థకు చెందిన షెల్ ఆల్వింగ్, ఎడ్డీ వైట్స్‌బెర్గ్, యోన్ లుండ్‌బెర్గ్ అనువారు ఉబ్బస రోగుల ఊపిరిలో ఈ వాయువు ఆరోగ్యవంతులకన్న రెండు మూడింతలు అధికముగ నున్నదని చూపిరి. మరుసటి యేడు లండన్‌లో ఖరిటొనోవ్, పీటర్ బార్న్స్ ప్రభృతులు ఆ సంగతినే ధ్రువపరచి, స్టెరాయిడు పీల్చుకొనుచున్న రోగులలో అది హెచ్చుగా లేదని కనుగొనిరి. కారణము తరువాత స్పష్టమైనది. అలర్జీవలన రగులు శోథలో ఇంటర్‌ల్యూకిన్-13 వంటి సందేశ పదార్థములు శ్వాసనాళపు పైపొర కణములను ప్రేరేపించును. ఆ కణములు నైట్రిక్ ఆక్సైడును విస్తారముగ తయారుచేయును. స్టెరాయిడు ఆ ప్రేరణను అణచును. ఊపిరిలోని వాయువు దినములలోనే తగ్గును.

ఇచ్చట ఒక చిక్కు వచ్చినది. ఈ చరిత్రములో నాకు అన్నిటికన్న ఆసక్తి కలిగించునది అదియే. ఒక ప్రయోగశాల చెప్పిన అంకెకును మరియొకటి చెప్పిన అంకెకును పొంతన లేకపోయెను. అంకెలు అతిస్వల్పములు, నూరు కోట్ల భాగములలో ఒక భాగము ఇచ్చట కొలమానము, పది యిరువది భాగములు మామూలు, యాబది దాటిన ఎక్కువ. అంతటి సూక్ష్మమైన లెక్కలో పొరపాటునకు మూడు ద్వారములుండెను. మొదటిది నగరపు గాలి. రోడ్డుప్రక్క ఆసుపత్రిలో పీల్చిన ఊపిరిలోనే ఈ వాయువు కలిసియుండును. అందుచేత పీల్చుకొను గాలిని ముందుగా వడపోయవలసి వచ్చినది. రెండవది ముక్కు. ముఖపుటెముకలలోని గాలిగదులు ఈ వాయువును వేలకొలది పాళ్లలో తయారుచేయునని 1995లో లుండ్‌బెర్గ్ బృందము కనుగొనినది; ముక్కులోని గాలి రవంత కలిసినను కొలత యావత్తు వ్యర్థము. కావున చిన్న అడ్డు గల గొట్టములోనికి కొంచెము బలముగ ఊదించిరి. అట్లు ఊదునపుడు కొండనాలుక వ్రేలాడు మెత్తని అంగిలి తనంతట తానే లేచి ముక్కుదారిని మూసివేయును. మూడవది వేగము. వేగముగా విడిచిన ఊపిరి నాళపు గోడలవద్ద నిలువదు, వాయువును తక్కువ మోసికొనిపోవును. మెల్లగా విడిచినది ఎక్కువ మోయును. టొరాంటోలో ఫిలిప్ సిల్కాఫ్ తదితరులు 1997లో ఈ భేదము ఎంత విపరీతమైనదో నిరూపించిరి. దానివలన అంతకు మునుపటి పరిశోధనలలో పెక్కింటి అంకెలు ఒకదానితో నొకటి పోల్చ వీలులేనివైనవి. వ్యథ కలిగించునదే యైనను శాస్త్రము సజీవముగ నున్నదనుటకు ఇంతకన్న గుర్తు లేదు. 1999లో అమెరికను ఉరోవైద్య సంఘము నియమములను వెలువరించినది. 2005లో ఐరోపీయ శ్వాసవైద్య సంఘముతో కలిసి సెకనుకు 50 మిల్లీలీటర్ల వేగమును ప్రపంచమంతటికి స్థిరపరచినది.

నియమము ఏర్పడినది సరే, పిల్లచేత దానిని పాటింపజేయుట యెట్లు? ఇటలీలో పాడువా నగరపు యూజేనియో బరాల్డి 1997లోనే, తీవ్రమైన ఆయాసముతో వచ్చిన పిల్లలకు కొలది దినములు ప్రెడ్నిసోన్ అను స్టెరాయిడు ఇచ్చిన పిదప ఊపిరిలోని నైట్రిక్ ఆక్సైడు పడిపోవుటను చూపెను. ఆయనయు, డచ్చి వైద్యుడు డి యోంగ్‌స్టెయును సంపాదకులై పిల్లలకు ప్రత్యేకముగ కూర్చిన విధానపత్రము 2002లో వెలువడినది. అందు పండ్రెండేండ్లలోపు పిల్లలు నాలుగు సెకనులు సమానముగ ఊదిన చాలుననిరి. యంత్రము చేయువారు తెరపై ఒక బొమ్మను నిలిపిరి. పిల్ల గట్టిగా ఊదిన బొమ్మ పైగీత దాటును, నీరసముగ ఊదిన క్రిందికి జారును, సమముగ ఊదినంతసేపు రెండు గీతల నడుమ తేలుచు పోవును. మొదటి ప్రయత్నమున పిల్ల బుగ్గలు పూరించి ఒక్కసారి ఊదివేయును. నర్సు మరల చూపును. మూడవసారికి పెదవులు గొట్టముచుట్టు బిగించి, కన్నులు బొమ్మపై నిలిపి, ఊపిరిని దారమువలె సన్నగా విడుచును. రక్తము లేదు, మత్తు లేదు, ఏడుపు లేదు. తెరపై అంకె వచ్చును. 2011లో అమెరికను సంఘము చెప్పిన ప్రకారము పిల్లలలో ఆ అంకె 20కి లోపున్నచో ఇయోసినోఫిల్ కణముల శోథ యుండుట అరుదు. 35 దాటినచో స్టెరాయిడునకు లొంగు శోథ యున్నదని తలంపవచ్చును. ఎత్తు పెరిగిన కొలది అంకె సహజముగనే కొంత పెరుగును. పాలకూర, బీట్‌రూటు వంటి నైట్రేటు గల కూరలు తిని వచ్చినను పెరుగును.

ఇదే కాలమున, ఊపిరిలోని ఆవిరిని చల్లని గొట్టములోనికి పంపి నీటిబొట్లుగా పట్టి పరీక్షించు పద్ధతియు బయలుదేరినది. 2000లో వర్జీనియాలో జాన్ హంట్ బృందము తీవ్ర ఉబ్బసముననున్నవారి ఆ బొట్ల పిహెచ్ విలువ సుమారు 5.2 కాగా ఆరోగ్యవంతులది 7.6 ప్రాంతమనియు, మందుతో అది తిరిగి మామూలు స్థితికి వచ్చెననియు ప్రకటించినపుడు ఎందరికో ఆశ కలిగినది. ఏ వయస్సువాడైనను మామూలుగా ఊపిరి విడిచిన చాలును గదా! కాని ఆ బొట్టులో ప్రాయికముగ అంతయు నీరే. వెదకు పదార్థము అణుమాత్రము. నోటి ఉమ్మి కలియును, చల్లదనము మారిన ఫలితము మారును. అది పరిశోధనాలయమును దాటి రాలేదు.

నైట్రిక్ ఆక్సైడు దాటి వచ్చినది గాని దానికిని పరీక్ష తప్పలేదు. అమెరికాలోని పేదవాడల యందు నివసించు పండ్రెండు మొదలు ఇరువది యేండ్ల వయస్సు గల 546 మందిపై స్టాన్లీ షెఫ్లర్ తదితరులు 2008లో ప్రకటించిన అధ్యయనము నిరుత్సాహము కలిగించినది: మంచి చికిత్సకు ఈ అంకెను జతపరచినందువలన మందు మోతాదు హెచ్చినదేగాని, బాధపడు దినముల సంఖ్య తగ్గలేదు. తరువాత పెక్కు అధ్యయనములను సమీకరించి చూచినవారు, ఈ అంకెను బట్టి మందిచ్చిన పిల్లలలో తీవ్రమైన దాడులు కొంత తగ్గునని, దినదిన బాధ మాత్రము మారదని తేల్చిరి. నా మట్టుకు నాకు ఇందు వింత కానరాదు. ఈ వాయువు ఒక జాతి శోథకు మాత్రమే సాక్షి. జలుబు సోకినపుడు వచ్చు పిల్లికూతలలో న్యూట్రోఫిల్ కణములు పనిచేయుచుండవచ్చును, అంకె తక్కువగనే యుండవచ్చును. అలర్జీవలన సదా తుమ్ముచుండు బిడ్డకు ఉబ్బసము లేకున్నను అంకె ఎక్కువగా నుండవచ్చును. దీనిని తీర్పుగా తీసికొనువాడు పొరబడును. అయితే మందు సరిగా పీల్చుచున్నాడా లేదా యను ప్రశ్నకు దీనికి మించిన సాధనము నాకు తెలియదు. "రోజూ వేస్తూనే ఉన్నామండీ" అని తల్లి చెప్పుచుండగా, తల వంచుకొనిన పిల్లవానిని గద్దింపకుండ, వైద్యుని ఎదుట తిన్నగా ఒకసారి పీల్పించి, కొన్నాళ్ల తరువాత మరల కొలిచి, అంకె పడిపోవుట చూపిన వైద్యుడు ఆ కుటుంబమునకు చేయు మేలు చిన్నది కాదు. లేనిచో మోతాదు రెట్టింపగును, రోగము అట్లే యుండును.

2024 నవంబరులో బ్రిటను దేశపు మూడు సంస్థలు కలిసి వెలువరించిన సూత్రములలో, అయిదు మొదలు పదునారేండ్ల పిల్లలలో ఉబ్బసమని అనుమానము కలిగినపుడు మొదట చేయవలసినది ఈ ఊపిరి పరీక్షయేననియు, లక్షణములు సరిపడి అంకె 35 గాని అంతకు మించి గాని యున్న వ్యాధి నిర్ణయింపవచ్చుననియు పేర్కొనిరి. యంత్రము చేతిలో పట్టునంత చిన్నదైనది. కాని కొన్ని పరీక్షల పిదప లోపలి సెన్సారును మార్చవలసియుండుటచేత ఖర్చు ఎక్కువ. మన పెద్ద నగరముల ఆసుపత్రులలో కొన్నింట మాత్రమే కానవచ్చు ఆ యంత్రమునకు మండల కేంద్రములలోని పిల్లల వైద్యుడు నోచుకొనలేదు; ఆయనకు ఇప్పటికిని స్టెతస్కోపు, తల్లి మాట, పిల్ల రొమ్ము కదలిక ఇవియే ఆధారములు.

అయిదేండ్లు నిండనివారి సంగతి ఇంకను తేలలేదు. ఉబ్బసము సాధారణముగ మొదలగునది ఆ వయస్సుననే, బొమ్మను చూచుచు సమముగ ఊద చేతకానిదియు ఆ వయస్సుననే. మూడేండ్లవానికి పిల్లికూతలు వచ్చినపుడు అవి కాలక్రమమున పోవునవో, నిలిచి ఉబ్బసమగునవో ఎవ్వరును చెప్పలేరు. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ నగరమున పరిశోధకులు బడియీడు రాని అట్టి పిల్లలను చేర్చుకొని, వారి ఊపిరిని సేకరించి, ఆరేండ్లు నిండువరకు కనిపెట్టియుండి, 2015లో ఫలితము ప్రకటించిరి. చల్లబరచి పట్టిన నీటిబొట్లు అంతగా ఉపకరింపలేదు. ఊపిరిలో తేలిపోవు వందలాది కర్బన సమ్మేళనముల కూర్పు కొంతవరకు ముందుగా చెప్పగలిగినది. మానవుని ఊపిరిలో సుమారు రెండువందల యేబది వేర్వేరు పదార్థములు కలవని 1971లో లైనస్ పాలింగ్ చూపియుండెను. వాటిలో ఏవి ఉబ్బసమునకు సాక్ష్యము పలుకునో, ఒక ఊరి పిల్లలలో కనబడినది మరియొక ఊరి పిల్లలలోను కనబడునో లేదో ఇప్పుడు ప్రయోగశాలలలో ఒక్కొక్కటిగా పరిశీలించుచున్నారు.